గోదాముల ఆవరణకు తారు - ధారణ కన్న పునాదే ముఖ్యం

(మా వాణిజ్య ప్రతినిధి)

గుంటూరు: మిర్చి రాబడి ముమ్మరంగా ఉండేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. ఆ మూడు నెలలూ యార్డు చుట్టుపక్కల గోదాముల ముందు, శీతల గిడ్డంగుల ముందు లారీలు బారులు తీరి ఉంటాయి. సరకు రంగు, తేమ, తూకం దగ్గర కిలోకు కూడా రాజీపడని వర్తకుడు, ఆ లారీలు నిలిచే ఆవరణ దగ్గరకు వచ్చేసరికి ‘చదరపు అడుగు ఎంతకు వేస్తావు?’ అనే ఒక్క ప్రశ్నతో బేరం ముగిస్తున్నాడు. ఫలితంగా రెండు వానాకాలాలు తిరగకముందే తారు పెచ్చులుగా లేచిపోతున్నది. గుంటల్లో నీరు నిలుస్తున్నది, లోడు లారీ కూరుకుపోతున్నది. బస్తాలు తడిస్తే వచ్చే నష్టం, హమాలీల పని ఆగితే అయ్యే ఖర్చు, లారీ నిలుపుదల ఛార్జీ కలిపి చూస్తే, బేరంలో మిగిలిన సొమ్ము ఒక్క సీజనులోనే కరిగిపోతుంది.

గోదాము ఆవరణ, కల్యాణ మండపం ముందు వాహనాలు నిలిపే స్థలం, ఇంటి గేటు నుంచి పోర్టికో దాకా వేసే దారి - వీటన్నిటికీ సూత్రం ఒకటే. తారు పైకప్పు వంటిది, బరువు మోసేది దాని కింది పునాది. పునాదిని చంపేది నీరు.

బజారు తీరు

మనం వాడుకలో తారు అంటున్నది ముడిచమురు శుద్ధిలో అడుగున మిగిలే బిటుమెన్. అందువల్ల దీని ధారణ ముడిచమురు వెంటే నడుస్తుంది. ప్రభుత్వ రంగ చమురు సంస్థలు నెలకు రెండుసార్లు, 1వ తేదీన, 16వ తేదీన ధర సవరిస్తాయి. మన ప్రాంతానికి దగ్గరి వనరు విశాఖపట్నం రిఫైనరీ. 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలైన ఈ కర్మాగారం 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో విలీనమైంది. దేశీయ ఉత్పత్తి గిరాకీకి చాలక గల్ఫ్ ప్రాంతం నుంచి దిగుమతులు కూడా గణనీయంగా జరుగుతున్నాయి. దిగుమతి సరకు కొంత డ్రమ్ముల్లో వస్తుంది. రిఫైనరీ సరకు ఎక్కువగా వేడి ట్యాంకర్లలో వస్తుంది.

రకాల పేర్లు కూడా మారాయి. పాత వర్తకులకు తెలిసిన 80/100, 60/70 రకాల స్థానంలో 2006లో సవరించిన ఐ.ఎస్. 73 ప్రమాణం ప్రకారం వి.జి.-10, వి.జి.-20, వి.జి.-30, వి.జి.-40 రకాలు వచ్చాయి. పాత 60/70కు ఇంచుమించు సమానం వి.జి.-30. మన ఎండలకు, లారీల ఆవరణకు కనీసం ఇదే వాడాలి. బరువు వాహనాలు మెల్లగా కదిలే చోట, గంటల తరబడి నిలిచే చోట వి.జి.-40 మేలు. చవకగా వచ్చిందని మెత్తని రకం పోయిస్తే మే నెల ఎండలో టైర్ల కింద అది కుంగుతుంది.

ధర పెరిగితే ఎంత భారం?

‘తారు ధర దిగాక చూద్దాం’ అని పని వాయిదా వేసేవారు ఈ లెక్క చూసుకోవాలి. పది వేల చదరపు అడుగుల ఆవరణ అంటే 929 చదరపు మీటర్లు. దానిపై రోలరు తిరిగాక 50 మిల్లీమీటర్ల మందం నిలవాలంటే సుమారు 46.5 ఘనపు మీటర్ల మిశ్రమం కావాలి. ఘనపు మీటరుకు 2.35 టన్నుల వంతున అది 109 టన్నులు. అందులో తారు నూటికి 5 వంతులు అనుకుంటే దాదాపు ఐదున్నర టన్నులు మాత్రమే.

టన్నుకు వెయ్యి రూపాయలు పెరిగితే ఆ పొర మొత్తం మీద పడే అదనపు భారం 5,500 రూపాయలు, అంటే చదరపు అడుగుకు 55 పైసలు. టన్నుకు 5 వేలు పెరిగినా చదరపు అడుగుకు రెండు రూపాయల ముప్పావలా. దీనిపై 18 శాతం జి.ఎస్.టి. అదనం. ఈ పాటి తేడా కోసం ఎదురుచూసి మంచి అదను పోగొట్టుకొని, వానల ముందు హడావిడిగా పని చేయిస్తే పోయేది అంతకు ఎన్నో రెట్లు.

నల్లరేగడితో జాగ్రత్త

గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో చాలా చోట్ల నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దానిపై నేరుగా కంకర పరిచి తారు పోస్తే ఏడాది తిరిగేసరికి కింది నెర్రె పైకి వస్తుంది. కనుక మొదటి ఖర్చు భూసార పరీక్షకు పెట్టాలి. పైరు కోసం చేసే పరీక్ష కాదిది. నేల బరువు మోసే శక్తిని చెప్పే సి.బి.ఆర్. పరీక్ష. మట్టి నమూనాను నాలుగు రోజులు నీటిలో నానబెట్టి చూస్తారు. నానిన నల్లరేగడికి ఈ విలువ తరచు 2, 3 శాతం దగ్గరే ఆగిపోతుంది.

దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, నల్లమట్టిని తవ్వి తీసి, కనీసం అరమీటరు మందాన ఉబ్బని ఎర్ర గ్రావెల్ పొరలు పొరలుగా పరచి, తగినంత తడిపి రోలరు తిప్పడం. రెండవది, మట్టిలో సున్నం కలపడం. బరువులో 3 నుంచి 5 శాతం సున్నం కలిపి, తడిపి, దట్టంగా కుదిస్తే నల్లమట్టి ఉబ్బే గుణం బాగా తగ్గుతుంది. సున్నపు బట్టీలకు పేరుపడిన పిడుగురాళ్ల మన పక్కనే ఉన్నది. గ్రావెల్ దూరం నుంచి తోలవలసి వచ్చే చోట ఈ రెండవ మార్గం ధర కూడా అడిగి చూసుకోవడం మంచిది.

దానిపైన వచ్చే పొరలకు ఉదాహరణ: లారీలు తిరిగే ఆవరణకు 200 మి.మీ. గ్రావెల్-కంకర అడుగు పొర, దానిపై 250 మి.మీ. వెట్ మిక్స్ కంకర రెండు విడతలుగా, ఆపైన 50 మి.మీ. తారు కంకర పొర, అన్నిటికన్న పైన 30 నుంచి 40 మి.మీ. నున్నని పొర. కార్లు మాత్రమే తిరిగే చోట ఇంత అక్కరలేదు. అసలు మందాలు నిర్ణయించవలసింది నేల పరీక్ష, లారీల సంఖ్య. కొందరు కాంట్రాక్టర్లు చెప్పే ‘20 మి.మీ. కార్పెట్’ బరువు మోసే పొర కాదు. పునాది గట్టిగా ఉంటే దానికి ముసుగు, లేకుంటే లోపానికి ముసుగు.

నీటికి దారి చూపాలి

వంద అడుగులకు రెండు నుంచి రెండున్నర అడుగుల వాలు తప్పనిసరి. ఆ వాలు గోదాము గోడ వైపు కాక కాలువ వైపు ఉండాలి. కాలువ అడుగు మట్టం తారు మట్టం కన్న మాత్రమే కాదు, కంకర పొరల అడుగు కన్న కూడా కిందికి ఉండాలి. లేకుంటే పొరల్లోకి దిగిన నీరు బయటకు పోలేక అక్కడే నిలుస్తుంది. గోదాము కప్పు నుంచి పడే ధార నేరుగా తారుపై పడకుండా గొట్టాలతో కాలువలోకి దింపాలి. అంచుల్లో సిమెంటు రాయి కట్టు లేకపోతే లారీ చక్రం అంచును విరుస్తుంది, ఆ విరుపు నుంచే నీరు లోపలికి పోతుంది.

పెరిగిన లారీ బరువు

పదిహేనేళ్ల కిందటి ఆవరణ లెక్క ఇప్పుడు పనికిరాదు. 2018 జూలైలో కేంద్రం ఇరుసు బరువు పరిమితులు పెంచింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులుగా ఉన్నది 11.5 టన్నులయింది. రెండిరుసుల లారీ మొత్తం బరువు 16.2 నుంచి 18.5 టన్నులకు, మూడిరుసుల లారీ 25 నుంచి 28.5 టన్నులకు పెరిగింది.

బరువు పెరిగినది నూటికి 13 వంతులే కదా అనుకోరాదు. 1958-60 మధ్య అమెరికాలో ఇలినాయి రాష్ట్రంలో జరిగిన ప్రసిద్ధమైన రోడ్డు పరీక్ష నుంచి తేలిన సూత్రం ప్రకారం, రోడ్డుకు కలిగే నష్టం ఇరుసు బరువు నాలుగవ ఘాతం చొప్పున పెరుగుతుంది. ఆ లెక్కన 10.2 నుంచి 11.5 టన్నులకు పెరిగితే నష్టం ఒకటికి ఒకటిన్నర రెట్లు దాటి 1.6 రెట్లవుతుంది. పరిమితి మించి లోడు వేసే లారీ సంగతి చెప్పనక్కరలేదు.

వేడి తగ్గితే సరకు చెడినట్లే

వెట్ మిక్స్ పొర ఆరాక, దుమ్ము ఊడ్చి, పలుచని ఎమల్షన్ పూత వేసి 24 గంటలు ఆరనివ్వాలి. ఈ పూత ఎగవేస్తే పై పొర కింది పొరకు అంటుకోదు. వి.జి.-30తో చేసిన మిశ్రమం ప్లాంటులో 150 - 165 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య తయారు కావాలి. పరిచేటప్పుడు 140 డిగ్రీలకు తగ్గరాదు. రోలరు పని 90 డిగ్రీలకు దిగకముందే ముగియాలి. ప్లాంటు దూరమై, దారిలో టార్పాలిన్ కప్పక చల్లారిన లోడును వెనక్కు పంపే హక్కు ఒప్పందంలో రాయించుకోవాలి. అదే విధంగా, త్వరగా కరగాలని అతిగా కాచిన తారు పెళుసుబారి ముందే పగుళ్లిస్తుంది. కిరసనాయిలు కలిపి పలుచన చేసిన తారు అసలు గట్టిపడదు. రిఫైనరీ ఇన్‌వాయిసు, ట్యాంకరుతో వచ్చే పరీక్షా పత్రం చూడనిదే పని మొదలు పెట్టనివ్వరాదు.

కాటా చీటీయే సాక్షి

వర్తకునికి చేతిలో ఉన్న ఆయుధం కాటా. చదరపు అడుగుల బేరం బదులు మందంతో కూడిన టన్నుల బేరం చేసుకోవాలి. ప్రతి లారీని తనకు నచ్చిన కాటాపై తూయించి, చీటీలు దాచుకోవాలి. పైన చెప్పిన ఆవరణకు 109 టన్నులు రావలసిన చోట 87 టన్నులే వస్తే, పడినది 50 మి.మీ. కాదు, 40 మి.మీ. మాత్రమే. తేడా 22 టన్నులు, అంటే ఒక పెద్ద లారీ లోడు సరకు.

ఇంకొక మాట: రోలరు తిరగకముందు స్కేలు పెట్టి ‘50 ఉన్నది చూడండి’ అంటే ఒప్పుకోరాదు. వదులుగా పరచినప్పుడు సుమారు 62 మి.మీ. ఉంటేనే కుదించాక 50 నిలుస్తుంది. తడి మిర్చి తూకానికీ ఎండిన మిర్చి తూకానికీ ఉన్న తేడా వంటిదే ఇది. అనుమానం వస్తే రెండు మూడు చోట్ల గుండ్రని కోర్ తీయించి మందం, సాంద్రత చూపించమనవచ్చు. తీసిన రంధ్రం ఆ రోజే పూడ్పించాలి.

తారు పనికిరాని చోట్లు

అన్ని చోట్లకూ తారు తగదు. డీజిలు, ఇంజను ఆయిలు తారును కరిగిస్తాయి. లారీలు రోజుల తరబడి ఒకే చోట నిలిచి ఆయిలు కారే స్థలం, బస్తాలు దింపే అరుగు ముందు భాగం, కాటా ఇరువైపులా, నిలిచిన చోటనే చక్రం తిప్పే మలుపులు - ఇక్కడ సిమెంటు కాంక్రీటు గాని, ఇంటర్‌లాకింగ్ దిమ్మెలు గాని మేలు. లారీలు నడిచే దారులకు, మిగతా స్థలానికి తారు వేస్తే ఖర్చూ తగ్గుతుంది, మన్నికా ఉంటుంది. వేసవిలో జాకీ ఎత్తేటప్పుడు, ట్రెయిలరు కాళ్లు దింపేటప్పుడు కింద చెక్క పెట్టించడం అలవాటు చేయాలి.

అదను, ఒప్పందం

కోస్తాలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, ఆ తరువాత తుపానుల కాలం. కనుక డిసెంబరు నుంచి జనవరి మధ్య వరకు మొదటి అదను. అది దాటితే మిర్చి రద్దీ. యార్డుకు మే, జూన్ నెలల్లో ఇచ్చే వేసవి సెలవులు రెండవ అదను. అప్పటి ఎండ తారు పనికి అనుకూలమే గాని, మట్టి పని అప్పుడు మొదలు పెడితే తొలకరి మీద పడుతుంది. తడిసిన కంకరపై తారు పోయడం డబ్బు నీళ్లలో పోయడమే.

ఒప్పందంలో నాలుగు షరతులు ఉండాలి: పొరల వారీగా కుదించిన మందం, తారు రకం, ఒప్పందం నాటి రిఫైనరీ ధరను ఆధారంగా చేసుకొని హెచ్చుతగ్గులు ఎవరు భరించాలన్నది, ఒక పూర్తి వానాకాలం గడిచే వరకు బిల్లులో కొంత సొమ్ము హామీగా నిలిపి ఉంచడం. పన్ను విషయంలో కూడా ముందే చూసుకోవాలి. స్థిరాస్తి కింద పెట్టుబడి ఖర్చుగా రాసుకున్న కొత్త ఆవరణ పనికి జి.ఎస్.టి. చట్టం 17(5) సెక్షను ప్రకారం సాధారణంగా ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. కనుక కొటేషన్లు పోల్చేటప్పుడు పన్నుతో కలిపిన మొత్తమే అసలు ధరగా తీసుకోవాలి.

పని అయ్యాక కూడా ఏటా మే నెలలో ఒకసారి ఆవరణ అంతా నడిచి చూడాలి. సన్నని పగుళ్లను వానలకు ముందే ఎమల్షనుతో పూడ్చితే ఖర్చు స్వల్పం. గుంట పడితే దాన్ని నలుచదరంగా కోసి, గట్టి అడుగు తగిలే దాకా తీసి నింపాలి. గుంటలో కంకర పోసి తారు చల్లడం మరమ్మతు కాదు. కాలువ పూడిక తీయించడం అన్నిటికన్న చవకైన మరమ్మతు, ఎక్కువ మంది మరిచేదీ అదే.

ఈ సీజనుకు కొటేషన్లు పిలిచేవారు మొదట నేల పరీక్ష చేయించి, ఆ నివేదిక కాపీ ప్రతి కాంట్రాక్టరుకూ ఇచ్చి, ఒకే మందానికి, ఒకే తారు రకానికి ధర అడగడం మంచిది. అప్పుడు గాని ఏ ధర చవకో, ఏ ధర లోపమో తేలదు.