తలకాయ కాల్చే మంటలో ఏముంది?

తెల్లాపూర్‌లో ఆదివారం మటన్ అంటే తలకాయ, కాళ్లు కూడా. వాటిని కాల్చేటప్పుడు మంట తగలగానే వెంట్రుకలు చిటపటలాడి కమురు కంపు కొడతాయి. కత్తితో గీకితే మసి కింద పచ్చటి తోలు తేలుతుంది.

గ్యాస్ మంటైతే లోహాల భయం తక్కువ. అసలు ప్రమాదం టైరు ముక్కలు, రంగు వేసిన పాత చెక్కతో కాల్చినప్పుడు. టైరు రబ్బరులో జింక్ ఆక్సైడ్ ఉంటుంది, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. కాలినా లోహం మాయమవదు, మసితో పాటు తోలుకు అంటుకుంటుంది. ఘానా, నైజీరియాల్లో టైర్లతో కాల్చిన తోళ్లలో పరిశోధకులు సీసం, కాడ్మియం గుర్తించారు.

గొర్రెమాంసం వంటి వాటిలో సీసం కిలోకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. బలమని కాళ్ల పాయా తాగించేది ఆ పిల్లలకే!

ఉడికిస్తే సీసం పోదు. మసి బాగా గీకి కడిగితే పైపొర కొంత పోతుంది. అందుకే కొనేముందు దేనితో కాలుస్తున్నారో అడగాలి.