ఎనిమిదేళ్ళ ఒప్పందం, రెండేళ్ళ ఇష్టం

దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ ఖసస్ సూరాలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) వృత్తాంతం ఉంది. ఈజిప్టు నుంచి తప్పించుకుని ఒంటరిగా మద్‌యన్ చేరిన ఆయనకు అక్కడి నీటిరేవు దగ్గర జనం తమ పశువులకు నీళ్ళు పెట్టుకోవడం కనిపించింది. ఇద్దరు ఆడపిల్లలు మాత్రం తమ మందను ఆపుకొని పక్కన నిలబడ్డారు. వారి తండ్రి వృద్ధుడు. మూసా ఆ మందకు నీళ్ళు పెట్టి, కూలి మాట ఎత్తకుండా నీడకు వెళ్ళిపోయారు. ఆ తండ్రి ఊరుకోలేదు. చేసిన పనికి ప్రతిఫలం ఇస్తానని కూతురితో కబురు పంపారు.

ఆ తర్వాత కుదిరిన ఒప్పందం మరీ గమనించదగ్గది. కుమార్తెలలో ఒకరినిచ్చి వివాహం చేస్తానని, అందుకు 8 సంవత్సరాలు తన వద్ద పని చేయాలని ఆ పెద్దాయన అడిగారు. 10 పూర్తి చేస్తే అది మూసా ఇష్టం, బలవంతం లేదన్నారు. మూసా ఎక్కువ గడువే పూర్తి చేశారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉంది.

పని విలువ గురించి విద్యార్థులకు చెప్పవలసి వచ్చినప్పుడు నేను ఈ లెక్క నుంచే మొదలుపెడతాను. 8 ఏళ్ళు బాకీ, 2 ఏళ్ళు కానుక. కానుకను పుచ్చుకునేవాడు హక్కుగా అడగరాదు. ఇంతవరకు పిల్లలకు తొందరగానే అర్థమవుతుంది. చిక్కు వచ్చేది ఇంటి దగ్గరే.

మీ అబ్బా ఏం చేస్తారంటే ఆటో నడుపుతారని, పండ్ల బండి పెడతారని టకటకా చెబుతారు. మరి అమ్మీ? "ఏమీ చేయదు మౌల్వీసాబ్, ఇంట్లోనే ఉంటుంది." ఇలా చెప్పేవారిలో తల్లి జర్దోజీ పనిచేసి నాలుగు డబ్బులు తెచ్చే పిల్లలు కూడా ఉంటారు! రంజాన్‌లో సహరీకి అందరికన్నా ముందు లేచేదెవరు, చివర తినేదెవరు అని అడిగితే మాత్రం తరగతి నిశ్శబ్దమవుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అదీ ఇంటిపని చేసే పురుషుల లెక్కే. అసలు వేలే పెట్టనివారు ఇందులో లేరు.

హజ్రత్ అబూబకర్ (రజి) కుమార్తె హజ్రత్ అస్మా (రజి) భర్త గుర్రానికి మేత వేసేవారు, నీళ్ళు తోడేవారు, పిండి కలిపేవారు. దూరాన ఉన్న పొలం నుంచి ఖర్జూరపు గింజలు నెత్తిన మోసుకొచ్చేవారు. కొంతకాలానికి తండ్రి ఒక సేవకుణ్ణి పంపితే, బానిసత్వం నుంచి విడుదలైనట్లు అనిపించిందని ఆమే చెప్పారు. ఇక తలాఖ్ సూరాలోనైతే, విడాకులైన తల్లి బిడ్డకు పాలు పడితే ఆమెకు ప్రతిఫలం ఇవ్వాలన్న ఆదేశం ఉంది. తల్లిపాలకే వెల కట్టిన ధర్మం మనది. ఈ ఆయతు దగ్గర పిల్లలు ఆశ్చర్యంగా తలెత్తి చూస్తారు.

జీతమిచ్చి చేయించుకోవలసిన పనిని 'ఖిద్మత్' పేరుతో ఊరికే చేయించుకునే అలవాటు ఇంకో తెగులు. సవాబు వస్తుంది కదా అంటారు. సవాబు ఇచ్చేవాడు అల్లాహ్, జీతం ఇవ్వవలసింది మనం. పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రత్యర్థినని అల్లాహ్ హెచ్చరించినట్లు హదీసు ఉంది. పూర్వపు హనఫీ ఇమాములు ఖుర్‌ఆన్ బోధనకు జీతం పుచ్చుకోవడాన్ని అనుమతించని మాట నిజమే. అప్పట్లో బోధకులకు బైతుల్‌మాల్ నుంచి భత్యాలు అందేవి. అవి ఆగిపోయాక, ఇక చదువు చెప్పేవారే మిగలరని తర్వాతి ఫుఖహా జీతానికి అనుమతి ఇచ్చారు.

మా పై తరగతుల విద్యార్థులు రేపు ఏదో మస్జిదులో ఇమాముగానో ముఅజ్జిన్‌గానో చేరేవారే. నెలకు ఎంత, సెలవులు ఎన్ని, సాయంత్రం పిల్లలకు చెప్పే పాఠం అందులో కలిసిందా లేదా అన్నది చేరకముందే కమిటీతో మాట్లాడుకుని కాగితం మీద రాసుకోమని చెబుతున్నాను. అడగడానికి సిగ్గుపడేవారే ఎక్కువ. సంవత్సరాల లెక్కను మద్‌యన్ పెద్దాయన ముందే చెప్పారని వారికి గుర్తు చేయవలసి వస్తోంది.