తిన్నింటి వాసాలు లెక్కపెట్టే వైరస్!

ఆమె చనిపోయి డెబ్భై ఏళ్లు దాటిపోయింది. ఆమె కణాలు మాత్రం ఇంకా బతికే ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల్లో రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై ఇవాళ్టికీ పెరుగుతూనే ఉన్నాయి!

ఆమె పేరు హెన్రియెటా లాక్స్. ఐదుగురు పిల్లల తల్లి. 1951లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఉన్న జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి వెళ్తే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. వైద్యులు కణితి నుంచి చిన్న ముక్క తీసి ప్రయోగశాలకు పంపారు, ఆమెకు మాటమాత్రమైనా చెప్పకుండా. అదే ఏడాది అక్టోబరులో, 31 ఏళ్లకే ఆమె కన్నుమూసింది. అప్పటిదాకా మనిషి కణాలు ప్రయోగశాలలో ఎక్కువ కాలం నిలిచేవి కావు. ఆమెవి మాత్రం చావనే లేదు. ఆమె పేరులోని అక్షరాలతోనే వాటిని 'హీలా' కణాలన్నారు.

ఇంతకీ అవి ఎందుకు చావలేదు? జవాబు దొరకడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

దొంగ దొరికాడు
ఈ క్యాన్సర్‌కు హెర్పిస్ వైరస్ కారణమని 1970ల్లో చాలామంది అనుమానించారు. జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌజెన్ ఒప్పుకోలేదు. పులిపిర్లు తెప్పించే హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) కుటుంబంలోనే దొంగ ఉన్నాడన్నారు. ఏళ్ల తరబడి గాలించి, 1983లో హెచ్‌పీవీ-16ను, 1984లో హెచ్‌పీవీ-18ని ఆయన బృందం కణితుల్లో పట్టుకుంది. హీలా కణాల్లోనూ 18వ రకం ఆనవాళ్లు బయటపడ్డాయి. ప్రపంచంలో వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో 70 శాతం దాకా ఈ రెండు రకాల వల్లనే. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి దక్కింది.

అంతా అరువే!
మనిషి జన్యుగ్రంథం సుమారు 300 కోట్ల అక్షరాలైతే, హెచ్‌పీవీది 8 వేలే. తన డీఎన్‌ఏను తానే నకలు తీసుకునే యంత్రాంగం కూడా దానికి లేదు. అది కావాలంటే మన కణంలోకి దూరాల్సిందే.

చిన్న గీతలు, పగుళ్ల గుండా ఇది పైపొర అడుగున ఉన్న కణాలను చేరుతుంది. అక్కడ కణాలు విభజన చెందుతూ ఉంటాయి కాబట్టి నకళ్ల యంత్రాలు పనిలోనే ఉంటాయి. చిక్కల్లా ఆ తర్వాతే. కణం పైకి జరిగేకొద్దీ విభజన ఆపేస్తుంది. యంత్రాలన్నీ మూతపడతాయి. వైరస్‌కు అవి కావాలి!

అందుకే 'ఈ7' అనే ప్రొటీన్‌ను బయటికి తీస్తుంది. విభజనకు కళ్లెం వేసే 'ఆర్‌బీ' ప్రొటీన్‌ను అది పట్టేసుకుంటుంది. కళ్లెం వదలగానే, నిద్రపోవాల్సిన కణం మళ్లీ పనిలో పడుతుంది.

అయితే కణం మరీ అమాయకురాలేం కాదు. లోపల ఏదో తేడాగా ఉందని పసిగడితే 'పీ53' అనే కాపలాదారు రంగంలోకి దిగుతాడు. అవసరమైతే కణం తనను తాను చంపుకొనేలా చేస్తాడు. వైరస్ దానికీ సిద్ధంగానే ఉంటుంది. దాని రెండో ప్రొటీన్ 'ఈ6', కణంలోని వ్యర్థాలను తొలగించే ఏర్పాటునే వాడుకుని పీ53కి 'పనికిరానిది' అని ముద్ర వేయిస్తుంది. కణం తన కాపలాదారును తానే ముక్కలు చేసుకుంటుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే!

కొత్త వైరస్‌లు పైవరుసల్లో తయారై, రాలిపోయే కణాలతో బయటపడతాయి. రక్తంలోకి రావు. వాపు, నొప్పి ఉండవు. అందుకే రోగనిరోధక వ్యవస్థ గుర్తించడం ఆలస్యమవుతుంది.

వైరస్‌కూ నష్టమే
వైరస్‌కు కావాల్సింది సంతతి, క్యాన్సర్ కాదు. ఒక్కోసారి దాని డీఎన్‌ఏ తెగి మన క్రోమోజోమ్‌లో అతుక్కుపోతుంది. ఆ తెగడంలో ఈ6, ఈ7లను అదుపులో ఉంచే జన్యువు తరచూ దెబ్బతింటుంది. ఇక ఆ రెండింటికీ పగ్గాల్లేవు. అలాంటి కణంలో కొత్త వైరస్‌లు పుట్టవు. కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టు! హీలా కణాల్లో జరిగింది ఇదే. ఇన్నేళ్ల తర్వాత కూడా, ఈ6, ఈ7లను ఆపేస్తే ఆ కణాలు విభజన మానేస్తాయని ప్రయోగాల్లో తేలింది.

చేతిలో ఉన్న గడువు
లైంగిక సంబంధాల ద్వారా వ్యాపించే ఈ వైరస్ చాలామందికి జీవితంలో ఒకసారైనా సోకుతుంది. కాబట్టి దీన్ని నడవడికకు ముడిపెట్టి సిగ్గుపడాల్సిన పనిలేదు. పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలోపే దానంతటదే పోతుంది. పోకుండా తిష్ఠవేస్తేనే ప్రమాదం. అప్పుడు కూడా క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఇంకా త్వరగా రావచ్చు.

ఇంత గడువున్నా, 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1.27 లక్షలమంది దీని బారిన పడ్డారు. దాదాపు 80 వేలమంది ప్రాణాలు కోల్పోయారు.

ఆపే దారులు రెండు. మొదటిది టీకా. 2006లో వచ్చింది. మన దేశంలో తయారైన 'సర్వావాక్' 2023లో విడుదలైంది. టీకాలో ఉండేది వైరస్ పైతొడుగు మాత్రమే, లోపల జన్యువులు ఉండవు. 9-14 ఏళ్ల ఆడపిల్లలకు ఇవ్వాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అప్పటికే సోకిన వైరస్‌ను టీకా తొలగించలేదు కాబట్టే ముందుగా వేయించాలి.

రెండోది పరీక్ష. ముప్ఫై దాటిన అమ్మలకు ఇదే రక్ష. టీకా వేయించుకున్నా పరీక్ష మానకూడదు. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్ని పూసి తెల్లమచ్చల కోసం చూసే తేలికపాటి పరీక్ష, పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్ష... ఏదైనా నిమిషాల పనే. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 1.3 లక్షలమంది మహిళలపై చేసిన అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన బృందంలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

ఇంటిల్లిపాదికీ జ్వరమొస్తే మాత్రలు గుర్తుచేసే అమ్మ, తన పరీక్షను మాత్రం వాయిదా వేస్తూ ఉంటుంది. 'ఏ నొప్పీ లేదుగా' అంటుంది. నొప్పి లేనప్పుడు చేయించుకోవాల్సిన పరీక్షే ఇది. ఆమెకు ఆ మాట ఇంట్లోవాళ్లే చెప్పాలి.