కిక్రి వాద్యం

సింగరేణి బొగ్గు గనులకు పేరొందిన నస్పూరు నుండి ఉత్తరంగా సాగితే ఆసిఫాబాదు, ఉట్నూరు అడవులు ఎదురవుతాయి. అది రాజగోండుల సీమ. వారి దేవతల కథలను గానం చేసేవారు పర్ధానులు. వీరి ఇంటి భాష మరాఠీ. కథాగానం మాత్రం గోండీలోనే సాగుతుంది. ఇది విశేషమే కదా!

పర్ధానుల ప్రధాన వాద్యం కిక్రి. చర్మం కప్పిన కొయ్య డొల్లకు మూడు తంత్రులు బిగించి, గుర్రపు వెంట్రుకల కమానుతో వాయిస్తారు. పెప్రె అనే ఊదే వాద్యం, డక్కి అనే తోలు వాద్యం దానికి తోడవుతాయి. పుష్య అమావాస్యనాడు కేస్లాపూరులో మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతరలో ఈ వాద్యాలు వినిపిస్తాయి.

దీపావళి వేళ ఆడే గుస్సాడీ నృత్యానికి వేదికలు లభించాయి. మర్లవాయి కళాకారుడు కనకరాజును 2021లో పద్మశ్రీ వరించింది. కిక్రికి అంతటి ఆదరణ దక్కలేదు. దాని ఆధారం వంశపారంపర్యంగా గోండు కుటుంబాలు ఇచ్చే ధాన్యం, పశువులు, వస్త్రాలే. దాత ఇంట పంట తగ్గితే గాయకుని పాలూ తగ్గుతుంది. కొడుకు కిక్రిని వదలి కూలిపనికి వెళితే, తండ్రి కంఠస్థం చేసిన కథ ఆయనతోనే ఆగిపోతుంది.