4.3 ఉమ్మడి ఫోల్డరు: ఎవరికి ఎంత అనుమతి?

గూగుల్ డ్రైవ్‌లో ఫోల్డరును పంచుకునేటప్పుడు మీరు మూడు స్థాయిల అనుమతి ఇవ్వవచ్చు. వ్యూయర్ చదవగలరు. కామెంటర్ వ్యాఖ్యలు కూడా రాయగలరు. ఎడిటర్ మార్పులు చేయగలరు. యజమాని సెట్టింగులలో నిలిపివేయకపోతే, ఇతరులకు అనుమతి కూడా ఇవ్వగలరు.

ఫోల్డరుకు ఇచ్చిన అనుమతి సాధారణంగా అందులోని ఫైళ్లన్నింటికీ వర్తిస్తుందని గమనించండి. ఉదాహరణకు, హాజరు పట్టికల ఫోల్డరులో మీరు తరువాత జీతాల పట్టికను చేర్చితే, అంతకుముందే అనుమతి పొందిన వారందరికీ అది కనిపిస్తుంది. లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చనే ఎంపికను ఉంచితే, లింకు చేరిన బయటివారు కూడా చూడగలరు.

కాబట్టి పనికి అవసరమైనంత అనుమతినే పేరుపేరునా ఇవ్వండి. గోప్యమైన ఫైళ్లకు వేరే ఫోల్డరు కేటాయించండి. ఉద్యోగి బదిలీ అయిన వెంటనే ఆ పేరును తొలగించండి.

అభ్యాసం: మీరు పంచుకున్న ఒక ఫోల్డరును తెరిచి, అనుమతి ఉన్నవారిలో ఇప్పుడు ఎవరికి అది అవసరం లేదో గుర్తించండి.