ఎక్కడి లెక్క అక్కడిదే

బేస్‌బాల్ కూడా మన క్రికెట్ లాగే బంతిని బ్యాటుతో కొట్టే ఆట. జపాన్‌లో, అమెరికాలో బాగా ఆడతారు. బంతి మైదానం అవతల పడేలా కొడితే హోమ్ రన్. బంతిని కొట్టి మొదటి బేస్‌కి క్షేమంగా చేరినా హిట్టే.

జపాన్‌లో హిదెకి మత్సుయి 2002లో 140 మ్యాచ్‌లలో 50 హోమ్ రన్లు కొట్టాడు. 2003లో అమెరికా పోయి 163 మ్యాచ్‌లు ఆడినా 16 మాత్రమే వచ్చాయి. మనిషి ఆ మనిషే. బంతి విసిరేవాళ్లు మారారు, మైదానాలు మారాయి. 2004లో 31 కొట్టాడు.

ఇచిరో హిట్లు చూడండి. 1994లో జపాన్‌లో 210, 2004లో అమెరికాలో 262. రెండోదే గొప్ప అనుకుంటాం. కానీ మొదటిది 130 మ్యాచ్‌లలో, రెండోది 161 మ్యాచ్‌లలో. భాగించి చూస్తే రెండుచోట్లా మ్యాచ్‌కి సుమారు 1.6 హిట్లే!

అందుకే అంకె ఒక్కటే చూడకూడదు. ఎక్కడ, ఎవరితో, ఎన్ని మ్యాచ్‌లు అని అడగాలి.

మా గూడెం బడిలో ఐదుగురిలో నేనే ఫస్టు. ఇక్కడికొచ్చాక 40 మందిలో 28వ స్థానం. పాఠం మా ఇంటి భాషలో కాదు కదా. ఇంటికి పోతానని ఏడ్చాను. ఇప్పుడు 14వ స్థానం. కొత్తగా వచ్చిన చెల్లెళ్లూ, మొదటి మార్కులు చూసి పెట్టె సర్దకండి.

— 9వ తరగతి విద్యార్థిని