వలసపాలన నాటి భూమి, న్యాయస్థాన పత్రాలలో పూర్వీకుని అన్వేషణ: ఆధారాల విలువ – పరిమితులు

వ్యాససంగ్రహం:
కవుల వంశచరిత్రలను, కుటుంబచరిత్రలను నిర్ణయించేటప్పుడు ఇనాం రిజిస్టర్లు, దావా పత్రాలు ముఖ్యమైన ఆధారాలు. అయితే ఇవి హక్కును నమోదు చేయటానికి ఏర్పడినవే గాని వంశాన్ని చెప్పటానికి ఏర్పడినవి కావు. ఈ భేదాన్ని గుర్తించి, సందిగ్ధంగా ఉన్న పూర్వీకుని గుర్తింపును పరీక్షించే విధానాన్ని మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల పత్రాల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఇనాం కమిషన్, ఫసలీ, దావా, వంశవృక్షం, వాంగ్మూలం.

1. ఇనాం రిజిస్టరు – పేరు కలిగించే భ్రాంతి
మద్రాసు రాజధానిలో ఇనాం కమిషన్ 1858లో ఏర్పడింది. ఇనాం భూములపై హక్కులను విచారించి, ధ్రువీకరించటం దీని పని. ఈ రిజిస్టరులో దాత, మొదటి గ్రహీత, పూర్వపు లెక్కలలోని పేరు, నాటి అనుభవదారు పేరు, వయస్సు, నివాసం, మొదటి గ్రహీతతో అతని సంబంధం మొదలైన వాటికి వేర్వేరు గడులు ఉన్నాయి.

ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే అది ప్రారంభమైన క్రీస్తుశకం వస్తుంది. ఒక గ్రామపు లెక్కలో ఫసలీ 1215లో, అనగా 1805–06లో, ‘రామయ్య’ అనీ, 1860 నాటి ఇనాం రిజిస్టరులో ‘రామయ్య, వయస్సు 35’ అనీ ఉన్నదనుకుందాం. పేరును మాత్రమే చూస్తే ఇద్దరూ ఒక్కరే అనిపిస్తుంది. కాని రెండవ రామయ్య సుమారు 1825లో జన్మించాడు. మనుమనికి తాత పేరు పెట్టే ఆచారం వల్ల నడిమి తరం మరుగున పడి ఉండవచ్చు. సంబంధపు గడిలో ‘మనుమడు’ అని ఉంటే ఆ ఊహ బలపడుతుంది. లేకుంటే అది ఊహగానే మిగులుతుంది.

2. భూమి వారసత్వం – రక్తసంబంధం
భూమి సంక్రమించిన ప్రతిచోటా రక్తసంబంధం ఉండదు. దత్తుడు ఇంటిపేరు మార్చుకొని వారసుడవుతాడు. ఇల్లటపు అల్లుడు దత్తత లేకుండానే మామగారి ఆస్తిలో భాగం పొందేవాడు. పైగా వారసులు లేకుంటే ఇనాం ప్రభుత్వపరమయ్యే అవకాశం ఉన్నందున, తమ వంశం తెగలేదని చెప్పుకోవటం ఇనాందారుకు ప్రయోజనకరంగా ఉండేది. అందువల్ల సంబంధపు గడిలోని మాటను సాక్ష్యంగా స్వీకరించాలే గాని సిద్ధాంతంగా కాదు.

3. న్యాయస్థాన పత్రాలు
వారసత్వపు దావాలలో వాది, ప్రతివాది తమతమ వంశవృక్షాలను సమర్పించేవారు. ఒకే కుటుంబానికి రెండు భిన్న వృక్షాలు లభించటం అసాధారణం కాదు. ఇక్కడ 2024 వరకు అమలులో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం పరిశోధకునికి ఒక కొలమానాన్ని ఇస్తుంది. మృతులు బంధుత్వం గురించి చెప్పిన మాటను దాని 32(5) సెక్షన్ అంగీకరించేది. కాని అది వివాదం పుట్టక ముందు చెప్పినదై ఉండవలసి వచ్చేది. 90వ సెక్షన్ ప్రకారం ముప్పై ఏళ్లు నిండి, సరైన చోట భద్రంగా ఉన్న పత్రం అసలైనదని భావించే వీలుండేది. అయితే పత్రం అసలైనదైనంత మాత్రాన అందులోని విషయం సత్యమని అర్థం కాదు.

4. పట్టా లేనివారు
పట్టాలో తరచుగా కుటుంబ పెద్ద పేరు మాత్రమే ఉంటుంది. స్త్రీలు, కౌలుదారులు, పాలేర్లు అందులో అరుదుగా కనిపిస్తారు. కాని సాక్షి వాంగ్మూలం ఆరంభంలో అతని పేరు, తండ్రి పేరు, వయస్సు, వృత్తి, గ్రామం నమోదయ్యేవి. సెంటు భూమి లేని మనిషి కూడా ఇతరుల సరిహద్దు తగవులో సాక్షిగా నిలిచి చరిత్రలో మిగిలిన సందర్భాలు ఉండవచ్చు. కాబట్టి తీర్పుతో ఆగక వాంగ్మూలాలను కూడా చదవాలి.

ముగింపు:
- పేరు, వయస్సు, గ్రామం, బంధుత్వం అనే నాలుగింటిలో కనీసం మూడైనా కలిసినప్పుడే గుర్తింపును ప్రతిపాదించటం మంచిది.
- వివాదానికి ముందరి పత్రానికి ఎక్కువ విలువ ఇవ్వాలి.
- ఒక పత్రాన్ని చూసి రాసిన మరొక పత్రం రెండవ సాక్ష్యం కాదు.
- ఆధారం చాలనిచోట వంశవృక్షంలో ఆ కొమ్మను ఖాళీగా ఉంచాలి. ఊహతో నింపిన పేరు తర్వాతి పరిశోధనలలో ఆధారంగా చెలామణి అవుతుంది.